దీపాలార్పే పిల్ల

తమ్ముడూ, నా మనవరాలు బతికిందిరా, ఒంటిమీద గీత కూడా పడలేదు!

సెలవులకని వరండా చుట్టూ రంగు బల్బులు కట్టాం కదా. నిన్న సాయంత్రం వాన వెలిశాక అది తడి గోడెక్కి, తొడుగు ఊడిన వైరు పట్టుకుంది. పట్టుకుందో లేదో, దీపాలన్నీ టప్పున ఆరిపోయాయి. "తాతా, నేనేం చెయ్యలేదు!" అని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు వినడానికి నాకు రెండు చెవులు చాలలేదు.

ఆ కరెంటుని ఆపింది, కరెంటు పని చేసే మా అమ్మాయి బిగించిన స్విచ్చే. కరెంటు దారితప్పి మనిషిలోకి పాకితే రెప్పపాటులో ఆపేస్తుంది. చినుకు పడ్డప్పుడల్లా దీపాలు ఆరిపోతున్నాయని మీరంతా మా అమ్మాయికి 'దీపాలార్పే పిల్ల' అని పేరు పెట్టారు. "ఆ స్విచ్చు పీకి నేరుగా కలిపెయ్యి అన్నయ్యా" అన్నావు నువ్వు. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ స్టూలెక్కాను. అమ్మాయి నా చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుని, "ఆర్పెయ్యడమే దాని పని నాన్నా!" అంది.

అవునురా, నా కూతురు దీపాలార్పే పిల్లే! గేటు మీద ఆ పేరే రాయిస్తా, ఎవరడ్డొస్తారో చూస్తా.

ఈ సంగతి పెద్దత్తయ్యకి చెప్పు, చిన్నాన్నకి గట్టిగా చెప్పు, ఆయనకి చెవుడు. ఆ పేరు పెట్టిన బావగారికి రెండుసార్లు చెప్పు. ఆఖర్న నీకు నువ్వే చెప్పుకో.

మీ అన్నయ్య