విప్పని గాలపు కర్ర

మలంచా, ఖరగ్‌పూర్
ఆగస్టు 19, మంగళవారం

ప్రియమైన తీతుకు పెదనాన్న దీవించి రాయునది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కాళ్ల మీద నిలబడి తిరుగుతున్నాం. ఆ కొండల్లో నువ్వు కూడా వేళకు తిని, పొడిబట్టల్లో పడుకుంటున్నావని తలుస్తాను.

మీ పెద్దమ్మ మోకాలి సంగతి అడిగావు. తగ్గలేదు. అయినా ఎలీసమ్మ ఎవరి మాటా వినే మనిషి కాదు, చర్చికి నడిచే వెళ్తుంది. పూరీ గేట్‌లో మీ ఇంటి వంటింటి గోడ వానకు చెమ్మెక్కితే మనిషిని పిలిచి పూత వేయించాను. మీ అమ్మకు దగ్గు తగ్గింది. నీ వంతెన పని జరిగేచోట ఫోను పలకదని ఉత్తరం రాశావు చూడు, అది నాకు మేలే అయింది. ఇప్పుడు రాయబోయేది ఫోనులో చెప్పగలిగేవాణ్ణి కాదు.

ముందు నువ్వు అడిగిన గాలపు కర్ర గురించి. మీ ఏటిలో మూతికి మీసాలున్న పెద్ద చేపలు ఉన్నాయని, రాళ్ల మధ్య అడుగున మేస్తాయని రాశావు. అలాంటి చేప గాలం తగలగానే వడిలోకి దూకుతుంది. బిరుసు కర్ర అయితే దారం తెగుతుంది, లేదా పెదవి చీరుకుని చేప పోతుంది. అందుకని నడుము దాకా వంగే కర్ర తీసుకో. కొన మాత్రం మెత్తగా ఉండాలి, అడుగున చేప ఎరను తాకిన సంగతి నీ చేతికి తెలియాలి. పదకొండు, పన్నెండు అడుగుల పొడవు చాలు. కొట్లోనే దారం ఎక్కించి చివర ముప్పావు కిలో బరువు కట్టి ఎత్తు. కొన నేలవైపు తిరిగేంత వంగితే సరైన కర్ర. ఏరు పొంగి పారేచోట ఇంకాస్త బలమైనది పనికొస్తుంది. దారం పోయే ప్రతి ఉంగరంలోనూ దూది ముక్క తిప్పి చూడు. దూది పట్టుకుంటే ఆ ఉంగరం పగిలినట్టు, అది దారాన్ని కోసేస్తుంది. పిడి బెండుదైతే తడిచేతికి జారదు.

గాజునారదా, అదే ఫైబర్‌గ్లాస్‌దా, కార్బన్‌దా అని అడిగావు. కార్బన్‌ది తేలిక, రోజంతా పట్టుకున్నా చెయ్యి లాగదు. కానీ దాంట్లో కరెంటు పారుతుంది. నువ్వు గాజునారదే కొనుక్కో.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. "మా నాన్నలా అజాగ్రత్తగా ఉండనులే పెదనాన్నా" అని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మీ నాన్న పోయినప్పుడు నీకు పదహారేళ్లు. నీకు తెలిసిన కథ ఇది: జెఫ్రీ కాంసాయి నదికి చేపలకు వెళ్లాడు, కర్ర ముక్కలుగా విప్పకుండా నిలువుగా పట్టుకుని రైలుకట్ట దాటాడు, పైనున్న కరెంటు తీగ లాగేసింది. అందులో అబద్ధం లేదు. అందరికీ చెప్పింది నేనే. నేను చెప్పకుండా మింగింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ కర్ర ఎంచింది నేను. కొట్లో మీ నాన్న గాజునార కర్ర చేతిలోకి తీసుకుని, "ఇది సాలన్నియ్యా, గట్టిగా ఉంది" అన్నాడు. నేనే నవ్వి, "ఏటిరా ఇంకా పాతకాలం బరువు మోస్తావు?" అని కార్బన్‌ది చేతిలో పెట్టాను. పదమూడు అడుగులది. కొత్త కర్ర చూసి వాడు పిల్లాడిలా మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నం కట్టకు ఇవతల రెండు గంటలు కూర్చున్నాం. ఎర్రచీమల గుడ్లు పిండిలో కలిపి వేసినా ఒక్కటీ ముట్టలేదు. కట్ట అవతల మడుగు దగ్గర ఒక బెంగాలీ ముసలాయన వరసగా లాగుతున్నాడు. నాకు ఆత్రం పుట్టింది. బుట్ట సర్దుకుని లేచాను. మీ నాన్న కూర్చుని కర్ర విప్పడం మొదలెట్టాడు. పైభాగం సగం ఊడింది కూడా.

"ఉండన్నియ్యా, ఇప్పేసి సంచిలో ఎట్టేస్తాను. పైన తీగుంది కదా," అన్నాడు.

"ఒరే, మల్లీ కట్టుకునీసరికి సేప ఎల్లిపోద్ది. నాలుగడుగులే కదా, రా," అన్నాను.

వాడు ఒకసారి పైకి చూశాడు. తర్వాత నా వైపు చూసి, "నువ్వంటే సరే. తీగల సంగతి నీకంటే ఎవుడికి తెలుసు?" అని ఊడిన ముక్క మళ్లీ బిగించాడు.

నిజమే, నాకంటే ఎవడికి తెలుసు? ముప్పై ఒక్క ఏళ్లు రైల్వేలో ఆ తీగల పని చేస్తూ వాటి కిందే బతికాను నేను. ఇరవై ఐదు వేల వోల్టులు. తాకక్కర్లేదు, దగ్గరికొస్తే చాలునని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పింది నేనే. ఆరోజు నేను ముందు దాటాను. వెనక పెద్ద చప్పుడైంది. తిరిగి చూసేసరికి మీ నాన్న పట్టాల పక్కన రాళ్ల మీద పడి ఉన్నాడు. వాడి చొక్కా నుంచి పొగ వస్తోంది. పిలిచాను. పలకలేదు.

పోలీసు అడిగితే, "విప్పమని చెప్పినాను, వినలేదు" అన్నాను. ఉద్యోగం ఇంకా పది నెలలుంది. తీగల మనిషివి నువ్వే ఉండి ఎలా రానిచ్చావని అడుగుతారని భయం. అంతకంటే మీ అమ్మ ముఖం చూసి ఎక్కువ భయపడ్డాను. సమాధి దగ్గర పాస్టరుగారు అజాగ్రత్త గురించి ప్రసంగం చేస్తే తల వంచుకుని విన్నాను. ఆ తర్వాత నీ చదువుకు తిరిగాను, మీ ఇంటి కప్పు వేయించాను. ఊరంతా నన్ను మంచి అన్న అంది. కాదనలేదు.

నిన్న మీ అమ్మకు చెప్పాను. ఏంజలిన్ కూరగాయలు తరుగుతోంది. చివరిదాకా కత్తిపీట మీంచి లేవలేదు. అయ్యాక మెల్లగా అంది:

"పదకొండేళ్లు ఆయన్ని తిట్టినాను బావగారూ. పిల్లోడి ముందు తిట్టినాను, సమాధి కాడ కూకొని తిట్టినాను. బుద్ధి లేక సచ్చిపోనావని. ఆ తిట్లన్నీ ఇప్పుడేటి సెయ్యమంటారు?"

ఆమె లేచి తలుపు తీసి పట్టుకుంది. వచ్చేశాను. ఈ ఉదయం మీ పెద్దమ్మ వెళ్తే లోపలికి రానిచ్చిందట గానీ, నా పేరు ఎత్తవద్దందట.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి అందరి ముందూ చెబుతాను. పాస్టరుగారిని అడిగి ఒప్పించాను. చెబితే నీ తండ్రి తిరిగి రాడని తెలుసు. వాడి మీద వేసిన మాట మాత్రం దించగలను. మీ నాన్న జాగ్రత్తపరుడు, తీతూ. కర్ర విప్పుతున్న చేతులు వాడివి. ఆపిన నోరు నాది.

నువ్వు జవాబు రాసినా, రాయకపోయినా నేను తప్పు పట్టను. అమ్మకు మాత్రం రాయి. ఆమె ఇప్పుడు ఒంటరిగా మీ నాన్న కోసం మొదటిసారి ఏడుస్తోందట.

ఇట్లు,
పెదనాన్న అని రాసుకోవడానికి చెయ్యి రాని,
జెఫ్రీకి అన్న,
విల్‌ఫ్రెడ్