లెన్సు వెనక ఆరు గుంటలు

స్టేషనరీ కొట్టు పై అంతస్తులో కెమెరాల రిపేరు గది నడుపుతున్న, బజారులో అందరూ లెన్సక్క అని పిలిచే నేను, నా తదనంతరం ఎవరికేం చెందాలో నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. డాక్టరుగారు నా గుండె మీద ఆశ వదులుకున్నారు గాని నా బుర్ర మీద ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ మాట ఆయన చేతనే రాయించి దీనికి జతపరిచాను. దీని వెనక ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి బుజ్జగింపూ లేదు. నన్ను బుజ్జగించే మనుషులు ఎప్పుడూ తక్కువే. ఇంతకు ముందు రాసిన వీలునామా ఒకటుంది. అందులో సమస్తం మా తమ్ముడికే రాశాను. అది ఇక చెల్లదు.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మా ఎదురు గదిలో గడియారాలు బాగుచేసే బాబాయికి అప్పగిస్తున్నాను. ఆయన నాకు చుట్టమేమీ కాడు. వరండాకు అటొకరం ఇటొకరం కూర్చుని, ఒకరి దగ్గు ఒకరం వింటూ ముసలివాళ్ళమయ్యాం. బాబాయీ, మా తమ్ముడు మీ దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. వాడికది బాగా వచ్చు. మీరు కరిగిపోతారు. మీకది ఇంకా బాగా వచ్చు. అందుకే ప్రతి విషయమూ విడమరిచి రాస్తున్నాను.

2. చిన్న లేతు, మిల్లింగు మిషను, రింగులు బిగించే పట్టీలు, స్క్రూడ్రైవర్లు, నల్ల రంగు, తెల్ల రంగు సీసాలు, ఈ గది మీద నాకున్న అద్దె హక్కు, ఇవన్నీ మా తమ్ముడి కూతురికి, అంటే నా మేనకోడలికి, సర్వహక్కులతో చెందవలసినవి. తోడబుట్టినవాడు ఉండగా ఆ పిల్లకెందుకని చుట్టాలు అడుగుతారు. అడిగేవాళ్ళు కాస్త ఓపికపట్టి చదవండి.

మా నాన్న పోయాక కౌంటరు దగ్గర తమ్ముడు కూర్చున్నాడు, వెనక గదిలో నేను కూర్చున్నాను. వాడిది మాట, నాది చెయ్యి. ఫిల్ము రోజులు పోయి రిపేర్లు పడిపోయిన కాలంలో, రిటైరైన డ్రాయింగు మాస్టారొకరు మెట్లెక్కి వచ్చారు. ఆయన చేతిలో డిజిటల్ రేంజ్‌ఫైండరు కెమెరా. లెన్సులోంచి కాకుండా పక్క కిటికీలోంచి చూస్తూ, రెండు బొమ్మలు ఒకటయ్యేదాకా తిప్పి ఫోకసు కుదుర్చుకునే రకం. లెన్సు మాత్రం వేరే కంపెనీది, ఆయన ఏళ్ళ తరబడి మురిపెంగా వాడుకుంటున్నది.

"అమ్మాయ్, ఈ కెమెరా నా లెన్సుని పోల్చుకోవట్లేదు. ఫొటో అంచులన్నీ జేవురించిపోతున్నాయి. కంపెనీవాళ్ళనడిగితే, మా లెన్సే కొనుక్కోండని ఫోను పెట్టేశారు" అన్నారు.

కంపెనీ లెన్సు ఒకటి తెప్పించి, దాన్ని కెమెరాకు తగిలించే వెనక రింగు చూశాను. అక్కడ ఆరు చిన్న గుర్తులున్నాయి, కొన్ని నలుపు, కొన్ని తెలుపు. కెమెరా నోట్లో ఉండే చిన్న కన్ను ఆ వరుస చదివి, ఇది ఫలానా లెన్సు అని తెలుసుకుని, అంచుల రంగు తనే సరిదిద్దుతుంది. వేరే కంపెనీ రింగు మీద ఆ ఆరు చోట్లా గుంటలు తవ్వి, దానికి దగ్గర పోలికలున్న కంపెనీ లెన్సు వరుసలో రంగులు నింపితే పని అయినట్టే. చెప్పడానికి ఇంతే. గుంట లోతు ఎక్కువైతే రింగు పాడు. తక్కువైతే లెన్సు తగిలించి తీసేటప్పుడల్లా రంగు గీసుకుపోతుంది. పైగా మాస్టారి రింగులో సరిగ్గా ఒక గుర్తు రావాల్సిన చోటే స్క్రూ తల కూర్చుంది. ఆ రంధ్రం పూడ్చి, స్క్రూను పక్కకు జరిపి, కొత్త రంధ్రం వేశాను. అంతకు ముందు ఎన్ని పాత రింగులు చెత్తబుట్ట పాలయ్యాయో నాకే తెలియదు. చివరికి కెమెరా తెర మీద ఒక కంపెనీ లెన్సు పేరు వచ్చింది. మాస్టారు ఎదురుగా ఉన్న సున్నపు గోడను ఫొటో తీశారు. అంచుల దాకా తెల్లటి గోడే. ఆయన ఆ గోడ బొమ్మను, కొత్తగా పుట్టిన మనవణ్ని చూసినట్టు చూస్తూ ఉండిపోయారు.

ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో కొరియర్లో లెన్సులు వచ్చాయి. బోర్డు మీద మా తమ్ముడి పేరు పడింది. పత్రికవాళ్ళు వస్తే "ఇది నేను కనిపెట్టిందేనండీ" అన్నాడు. వెనక గదిలో మిషను ఆపి విన్నాను. పేరే కదా, తమ్ముడే కదా అనుకుని మళ్ళీ మిషను వేశాను.

3. నా సొంత వాడుకలో ఉన్న వెడల్పు లెన్సు, తోలు సంచితో సహా, పత్రికలో ఫొటోలు తీసే అమ్మాయికి చెందవలసినది. ఆమె ఒక మధ్యాహ్నం, తమ్ముడు లేని సమయంలో వచ్చి, "అక్కా, ఇది కంపెనీ లెన్సే, మీ తమ్ముడి దగ్గరే కొన్నా. ఫోకసు కొంచెం తప్పుతోంది, చూస్తారా?" అంది. ముందు వైపు కంపెనీ పేరు చక్కగా చెక్కి ఉంది. వెనక్కి తిప్పాను. స్క్రూ పక్కన పూడ్చిన రంధ్రం కనబడింది. కంపెనీ తన రింగులో రంధ్రాలు పూడ్చుకోదు. అది నా చేతి పూడిక. చవక లెన్సుకు నేను గుంటలు వేసి ఇస్తే, దాని మీది పేరు చెరిపి కంపెనీ పేరు చెక్కి అమ్మాడు.

ఆ సాయంత్రమే నిలదీశాను. వాడు తడుముకోలేదు. "నువ్వు కెమెరాకి అబద్ధం చెప్తున్నావ్, నేను మనుషులకి చెప్తున్నా. ఏంటక్కా తేడా?" అన్నాడు.

తేడా ఉందిరా. నా అబద్ధం సంగతి లెన్సు సొంతదారుకు తెలుసు. కావాలనే చెప్పించుకుంటాడు. నీ అబద్ధం సంగతి కొన్నవాళ్ళకు తెలియదు. ఆ పూట ఈ జవాబు నాకు నోటికి రాలేదు. ఇప్పుడు వచ్చింది, రాస్తున్నాను. రిజిస్ట్రారుగారూ, దయచేసి కొట్టేయకండి.

4. నేను ఉంటున్న ఇల్లు కూడా మేనకోడలికే. దానికి కారణం ఇది. నేను ఫొటోల అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను, ఆమె ఫిర్యాదు చేసింది, పోలీసులు వచ్చారు. అప్పుడు మా తమ్ముడు కౌంటరు వెనక నుంచి లేచి, చేతులు కట్టుకుని, "సార్, నాకు స్క్రూ తిప్పడం కూడా రాదు. పనంతా మా అక్కదే. మొదట్నుంచీ తనే" అన్నాడు. ఇన్నేళ్ళలో నా పని నాదని వాడు ఒప్పుకున్న రోజు అదొక్కటే.

లేతును జీపులో పడేశారు, గదికి సీలు వేశారు, నన్ను స్టేషను బల్ల మీద కూర్చోబెట్టారు. మేనకోడలు కాలేజీ నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. తండ్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వాణ్ని దాటుకుని లోపలికొచ్చి ఇన్‌స్పెక్టరుతో అంది: "పేర్లు చెక్కేది మా ఇంట్లోనండి. బట్టల బీరువా వెనకుంది మిషను. అత్తకి ఆ మిషను ఉందనే తెలీదు. రండి, చూపిస్తా." వాళ్ళు వెళ్ళారు, చూశారు. తమ్ముడు జైలుకెళ్ళి వచ్చాడు. వచ్చినవాడు కూతురి మొహం చూడనన్నాడు. అది ఒక్క సంచితో నా ఇంటికొచ్చింది. కాలేజీ మానొద్దని ఎంత పోరినా వినలేదు. నా లేతు తిరిగొచ్చాక దాని ముందు కూర్చుంది. ఇప్పుడు దాని గుంటలు నా గుంటలకంటే నున్నగా ఉంటాయి. ఈ మాట బతికుండగా దానితో అనలేదు, నెత్తికెక్కుతుందని.

5. డ్రాయింగు మాస్టారి లెన్సులో రంగు అరిగినప్పుడల్లా, ఆయన ఉన్నంతకాలం, ఏమీ పుచ్చుకోకుండా మళ్ళీ నింపి ఇచ్చే బాధ్యత ఆస్తితో పాటే మేనకోడలికి సంక్రమిస్తుంది. ఆయన ఇవ్వబోతారు. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని దింపితే చాలు.

6. భూతద్దం బిగించిన టేబులు దీపం మా మరదలికి. ఆమె కళ్ళు దెబ్బతిన్నాయని, సూదిలో దారం ఎక్కించలేకపోతోందని విన్నాను. భర్తకు తెలియకుండా కూతురి బట్టలు, పుస్తకాలు మా వరండాలో పెట్టి వెళ్ళిపోయింది నువ్వేనని నాకు తెలుసమ్మా. చూసి కూడా నిన్ను లోపలికి పిలవకపోవడం నీ గుట్టు కాపాడటానికే.

7. మా తమ్ముడికి పై ఆస్తుల్లో దేనిమీదా ఏ హక్కూ లేదు. కోర్టుకెళ్తే వెళ్ళనివ్వండి. కౌంటరు దగ్గరి కుర్చీ వాడి ఒంటికి అలవాటైంది కాబట్టి అది వాడిది. వాడి పేరున్న బోర్డు మెట్ల కింద ఉంది, పట్టుకుపోవచ్చు. వాడిప్పుడు ఇంకో వీధిలో చేతి డ్రిల్లుతో రింగులు తవ్వుతున్నాడు. చెడిపోయినవి తిరిగి తిరిగి మా దగ్గరికే వస్తాయి. ఎవరు చేశారని మేం అడగం, సరిచేసి పంపిస్తాం.

8. మేనకోడలికి విడిగా. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం మీ నాన్న మన గది బయటికొచ్చి నిలబడ్డాడు. అరచేతిలో, డ్రిల్లు అవతలి వైపుకు దిగి తూట్లు పడిన రింగు ఉంది. తలుపు అద్దంలోంచి చూశాను. "అక్కా" అన్నాడు. చిన్నప్పుడు లెక్క రాక పిలిచినట్టే పిలిచాడు. నేను తలుపు తీయలేదు. మిషను చప్పుడులో నీకు వినపడలేదనుకున్నాను. వినపడిందని ఆ సాయంత్రం నువ్వు చెడగొట్టిన రింగు చెప్పింది.

నేను పోయానని తెలిశాక వాడు మళ్ళీ వస్తాడు. తీయొద్దని రాద్దామంటే, నీకూ నీ తండ్రికీ మధ్య గోడ కట్టే హక్కు నాకెక్కడిది? తీయమని రాద్దామంటే, ఆ రోజు స్టేషనులో నువ్వు నిలబడ్డదానికి విలువేముంటుంది? అందుకని ఏదీ రాయడం లేదు. నేను మాత్రం ఇంకో పదేళ్ళు బతికినా తీయను. ఆ తలుపు గొళ్ళెం వానాకాలంలో పట్టేస్తుంది. కొంచెం పైకెత్తి లాగాలి.

ఇది నేను చదువుకుని, సరేననుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేసినది.

తేదీ: ఈ నెల పదకొండు, గురువారం ఉదయం.

(సంతకం) లెన్సక్క

సాక్షులు:
1. కింది అంతస్తు స్టేషనరీ కొట్టు యజమాని
2. పక్క వీధి పళ్ళ డాక్టరమ్మ