కొత్త పిస్టన్ల తూకం

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నీ ఉత్తరంలో కోపం చూస్తే నువ్వూ కులాసాగానే ఉన్నావని తెలిసింది.

పడవ ఒడ్డున ఊరికే పడి ఉందనీ, జనమంతా పక్క పడవ ఎక్కుతున్నారనీ రాశావు. మన షాపులో బిగించిన నీ పడవ ఇంజన్ని మళ్ళీ ఎందుకు విప్పారని అడిగావు. ఆ కబురు నీకు మీ బావే చేరవేసి ఉంటారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

విప్పింది నేనే. కొత్త పిస్టన్లను మీ బావ తూచారు. అన్నీ ఒకే తూకం వచ్చేసరికి ఇక చూడాల్సిందేముందని బిగించేశారు. పాతవి అప్పటికే పాత సామాన్లవాడి బండి ఎక్కాయి. నేను వెళ్ళి వెతికి తెచ్చి తూచాను. కొత్తవి వాటికంటే తేలిక.

పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకు షాఫ్టు, దానికుండే ఎదురు బరువులు పాత పిస్టన్లకు సరిపడా చేసినవి. తూగుడుబల్ల మీద ఒక చివర బొద్దుపిల్లను దించి బక్కపిల్లను ఎక్కిస్తే రెండో చివర కిందికి దిగిపోదూ? ఇదీ అంతే. నీది పిస్టన్లు రెండు వరుసలుగా ఉండే ఇంజను, దానికి ఆ తేడా అసలు పడదు. మొదట కాస్త వణుకుతుంది. తర్వాత బేరింగులు తినేస్తుంది. అదీ నది మధ్యలో, పడవ నిండా జనం ఉన్నప్పుడు.

అందుకని క్రాంకును బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెట్టాను. కొత్త పిస్టన్ల లెక్కకు తగిన బరువులు దానికి కట్టి, తిప్పి, ఎదురు బరువుల్లో ఎక్కువైన చోట డ్రిల్లు వేశాను. ఒకసారి తీసిన ఇనుము మళ్ళీ అతకదు. మీ బావ చూడలేక బయటికి పోయి నిలబడ్డారు. నేను ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను. కొంచెం తీయడం, మళ్ళీ తిప్పి చూడడం. చివరికి ముల్లు సున్నా దగ్గర నిలిచింది.

మళ్ళీ బిగించాక శబ్దం ఎలా ఉందో రాయమన్నావు. నాన్న పోయినప్పటినుంచి మన షాపులో నా చెవిదే ఆఖరి మాట. తమ్ముడూ, ఆ చెవి పోయింది. కుడిది పూర్తిగా, ఎడమది సగం. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు.

నిన్న ఇంజను స్టార్ట్ చేయగానే అందరూ నా ముఖంలోకే చూశారు. దాని మీద అరచెయ్యి ఆనించాను. వణుకు లేదు. అయినా నీ పడవ విషయంలో విన్నట్టు నటించలేకపోయాను.

"నాకు వినబడదు. మీరే విని చెప్పండి," అన్నాను మీ బావతో.

ఆయన వంగి చాలాసేపు విన్నారు. ఒకే తీరున ఉందన్నారు. తర్వాత నా ఎడమవైపుకు వచ్చి, "నీ చెవి సంగతి నాకెప్పుడో తెలుసు. ఏడాదిగా ఎందుకు అరుస్తున్నాననుకున్నావు? మనం రోజూ పోట్లాడుకుంటున్నామని వీధంతా అనుకుంటోంది," అన్నారు.

ఇంజను ఎల్లుండి లారీ ఎక్కుతుంది. చెవి లేని అక్క చేసిన పని అని అనుమానముంటే ఇంకొకరికి చూపించుకో, ఏమీ అనుకోను. నాకైతే అనుమానం లేదు. లారీలో నేనూ వస్తున్నాను. జనాన్ని ఎక్కించుకునే ముందు నన్నొక్కదాన్నే ఎక్కించుకుని నది మధ్యకు తీసుకుపో. ఇంజనుకు ఎంత వేగముంటే అంతా ఇవ్వు. నాకు ఈత రాదని నీకు తెలుసు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దక్క