నీ బండి వాల్వు నేనే విప్పాను

అన్నా,

ఇంజను వాల్వు పోతే విప్పి నువ్వు సగంలో వదిలేసిన నీ బండిని, నువ్వు కన్నుమూసిన ఏడాదికి, ఇంట్లోనే నేను బాగుచేశాను.

స్ప్రింగు విప్పడానికి సరైన పనిముట్టు కొందామని నేనంటే విన్నావా? "సుత్తి ఉండాది, నా చెయ్యి ఉండాది, ఇంకేం కావాలమ్మీ?" అని ఒక్కటి కొట్టావు. స్ప్రింగును పట్టి ఉంచే గోరంత లాకు ఎగిరి శెనక్కాయల కుప్పలో పడింది. అమ్మా నేనూ కుప్పంతా చేటలతో చెరిగినా దొరకలేదు. బండి మూలన పడింది.

నిన్న ఇంజను హెడ్డును సంచిలో వేసుకుని కర్నూలు బస్సెక్కాను.

"దీన్ని ఈడికి మోసుకొచ్చినావేందమ్మా?" అని బండి సామాన్ల అంగడాయన నవ్వాడు.

"కొలత చూడకుండా కొనేదెట్లప్పా?" అన్నాను.

స్ప్రింగును అణిచిపట్టే క్లాంపులు మూడు చూపించాడు. మొదటిది కార్లదట, దాని మూతి మన స్ప్రింగు కంటే వెడల్పు. రెండోది సరిపోయింది గానీ లాకు తీయడానికి సందు లేదు. మర తిప్పే చిన్నదాన్ని అంగట్లోనే బిగించి చూసి, కొత్త వాల్వుతో, లాకులతో సహా తెచ్చుకున్నాను.

ఇవాళ నేను క్లాంపు పట్టుకోగానే అమ్మ చేట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. మర మెల్లగా తిప్పాను. స్ప్రింగు అణిగింది. ఒక్క లాకూ ఎగరలేదు, అన్నీ నా అరచేతిలోకే వచ్చాయి. అంతా బిగించాక మూడో కిక్కుకు బండి స్టార్టయింది.

"మీ అన్న ఉంటే ఇప్పుడు కూడా ఒప్పుకోడు" అంటూ అమ్మ చేటను గోడకు తగిలించింది.

నేనే గెలిచానన్నా. కాదంటావా, వచ్చి నాతో కొట్లాడు.