వెన్నెలకొలను నాటకశాల పంపకం

షాంఘై ఫూజౌ వీధిలోని వెన్నెలకొలను నాటకశాల యజమానిని, జియాంగ్ బోహెంగ్ అనే నేను, కాళ్ళు మొండికేసినా బుద్ధి ఇంకా చెప్పిన మాట వింటూ ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయించిన వీలునామా. దీన్ని అమలు జరిపే బాధ్యత లాయరు చ్యూ గారిది.

1. నా కుమారుడు దెమావోకు నివాసగృహం, వేదిక మీద నిజం వాన కురిపించే పంపు, గొట్టాలు. ఆ వాన కోసం జనం పడవలెక్కి వచ్చేవారు. ఆట అయ్యాక వేదిక తడిమి, "నిజంగా తడేరా" అనుకుంటూ పోయేవారు. ఇంటి దగ్గర ఊరికే కురిసే వానకు టిక్కెట్టు ఎందుకు కొంటారో తెలుసుకుందామని చౌక బెంచీల్లో వాళ్ళ మధ్యే కూర్చునేవాణ్ణి. ఇప్పటికీ అంతుపట్టలేదు. మావాడికి ఆ గొడవ లేదు. "సినిమాలో సముద్రమే వస్తుంది నాన్నా, గొట్టాలెందుకు" అంటాడు.

2. తువ్వాళ్ళ షావ్‌కు నా ఉన్నికోటు. టీకి డబ్బులే తప్ప ఆటకు టిక్కెట్లు లేని రోజుల్లో, జనం ముఖాలు తుడుచుకోవడానికి పొగలు కక్కే తువ్వాళ్ళు కింది నుంచి మేడ మీదికి విసిరేవాడు. మర్యాదస్తులు వస్తారని నేనే మాన్పించాను. ఒక్కనాడూ గురి తప్పలేదు. కోటు చలికాలం లోపే ఇవ్వాలి.

3. నాటకశాలలో సగం నా కుమార్తె రుయ్‌జెన్‌కు, సగం మా హాస్యగాడు పాంగ్‌కు, సర్వహక్కులతో. ఒకరి సగం చెల్లకపోతే రెండోవారికి చెందును. ఆడపిల్ల మగనటుల పక్కన వేషం కడితే హాలు మూతపడుతుందన్నారు. రుయ్‌జెన్ కట్టింది, కుర్చీలు చాలలేదు. పాంగ్ మొదటినుంచీ నాతో ఉన్నవాడు.

ఈ సంగతి తెలిసి దెమావో పీతల విందులో పాంగ్ ఎదుటే అన్నాడు: "పాంగ్ బాబాయ్ మేనల్లుళ్ళు అప్పుల్లో ఉన్నారు. ఆయన పోయిన మర్నాడే ఆ సగం నాకమ్ముతారు. చెల్లెలొక్కతే ఎన్నాళ్ళు నిలబడుతుంది? హాలు సినిమాకిచ్చేస్తాం." పాంగ్ ఇంకో పీతకాలు విరుచుకున్నాడు. నాకు మాత్రం భయం వేసింది. అయినా అతని కష్టం అతనికి దక్కాలని మార్చలేదు.

4. నేను సంతకం చేసే ముందు చేర్చినది. సాక్షులకు వాటా చెల్లదని లాయరుగారు అందరికీ ముందే చెప్పారు. తర్వాత సిరా, కుంచె ముందుకు జరిపారు. మా వృత్తిలో హాస్యగాడు కుంచె ముట్టి ముఖాన తెల్లచుక్క పెట్టుకునేదాకా రాజు వేషగాడైనా రంగు వేసుకోడు. ఆ అలవాటుతో మేమంతా పాంగ్ వంక చూశాం. అతను లేచి వచ్చి సాక్షుల చోట తన పేరు రాసేశాడు.

లాయరుగారు నెత్తి కొట్టుకున్నారు. "ఏం పని చేశావయ్యా? నీ సగం పోయింది." కొత్త కాగితం తెమ్మన్నాను. పాంగ్ కుంచె కడుగుతూ, "ఎన్ని తెచ్చినా ముందు నేనే పెట్టాలి కదయ్యగారూ, అలవాటు" అన్నాడు. దెమావో టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. పొరపాటో, కావాలని చేశాడో ఆ ముఖంలో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

కనుక నాటకశాల మొత్తం రుయ్‌జెన్‌దే.

చైనా గణతంత్రం ఇరవై మూడవ సంవత్సరం, పదవ నెల, తొమ్మిదవ తేదీ.

(సంతకం) జియాంగ్ బోహెంగ్

సాక్షులు:
పాంగ్ షిన్‌కూయ్, హాస్యగాడు
లూ మింగ్‌దా, టిక్కెట్ల గుమాస్తా
చ్యూ యన్‌బో, లాయరు