సిగ్నల్ పోలేదు బావగారూ

ఇంగోల్‌స్టాట్,
ఆగస్టు 2021

పూజ్యులైన బావగారు భాస్కర్ రావు గారికి నమస్కారాలు.

ఇక్కడ నేను, గీతిక, పిల్లలు బాగానే ఉన్నాం. జగిత్యాలలో మీరూ, మంగక్కా, అత్తవారింట్లో అక్షయా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరడిగినవి ముందు చెప్తాను. టీకా రెండో డోసుకి టెర్మిన్, అదే ఇక్కడి అపాయింట్‌మెంట్, దొరికింది, వేయించుకున్నాం. ఆఫీసు ఇంకా ఇంట్లోనే. పెద్దవాణ్ణి తెలుగులో పిలిస్తే జర్మన్‌లో పలుకుతున్నాడు. మీరొచ్చి నాలుగు తగిలిస్తే గానీ దారికి రాడు.

ఇక ఫోన్ సంగతి. మాట్లాడుతుంటే ఎందుకు ఆగిపోతోందని అడిగారు. "మా నెట్టు వల్లనే నువ్వు ఫోన్ల గూడ పెండ్లి చూడలేకపోయినవు, మనసుల పెట్టుకోకు" అని కూడా రాశారు. అది చదివి తలెత్తుకోలేకపోయాను.

సిగ్నల్ పోలేదు బావగారూ. ఆరిపోయింది నా ఫోన్. ఏడాదిగా దాని నెట్ మీదే ఆఫీసు పని నడిపాను, రోజంతా చార్జర్‌కి తగిలించే ఉంచాను. పెనంలా కాలేది. మేనమామనై అక్షయను గంపలో మండపానికి తేవాల్సినవాణ్ణి, కరోనాతో రాలేక ఫోన్లోనైనా అక్షింతలు వేద్దామనుకున్నాను. అక్షింతలు కలిపిన స్టీలు పళ్లెంలోనే ఫోన్ నిలబెట్టి, నా ముఖం అందరికీ కనబడాలని ఎండ పడే కిటికీలో పెట్టాను. వేడెక్కిందని తెర మీద చూపించి ఆరిపోయింది. కార్ల బ్యాటరీలు వేడికి ఎన్నాళ్లు ఆగుతాయో పరీక్షించే ఉద్యోగం నాది. వేడి ఆ పూటతో పోదు, లోలోపల ఆయుష్షు తినేస్తుందని కొత్తవాళ్లకి పాఠాలు చెప్తాను. ఇప్పుడు నా ఫోన్ వీపే ఉబ్బింది.

మళ్లీ వెలిగేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది. ఏమైందని అక్క అడిగితే, సిగ్గేసి, మీ దగ్గరే సిగ్నల్ పోయిందన్నాను. అక్క అక్కడే, వియ్యాలవారి ముందే, "ఈయన పెట్టిచ్చిన నెట్టు గిట్లనే ఉంటది. ఒక్క పని సక్కగ చెయ్యడు" అంది. మీరు తల దించుకోవడం ఫోన్లో చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు. ఆ తర్వాత మీరు నెట్ మార్పించారు, డాబా ఎక్కి వైరు లాగించారు. ఫోన్ ఆరినప్పుడల్లా నేను అదే అబద్ధం చెప్పాను. నా అంత సిగ్గుమాలినవాడు ఉండడు.

ఈ మాట ఫోన్లో చెప్పబోతే మధ్యలో అది ఆరిపోతుంది, నేనూ అదే సందని ఊరుకుంటాను. అందుకే రాస్తున్నాను.

మీ మంచితనం నాకు తెలుసు. నా పరువు కాపాడటానికి ఈ ఉత్తరం బీరువాలో దాచేస్తారు. అందుకని ఇవే మాటలు రాసి అక్కకొకటి, వియ్యాలవారింటికొకటి నిన్ననే పోస్టు చేశాను.

ఇట్లు,
మిమ్మల్ని నలుగురిలో తల దించుకునేలా చేసిన
మీ బావమరిది
విక్రాంత్