ఎర్రగా కాల్చిన గాస్కెట్

నరసాపురం కాపురస్తుడను, రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారిని, అరవై తొమ్మిదేళ్ల సూర్యప్రకాశం అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేతి రాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఎల్లుండి నాకు గుండె ఆపరేషన్. రేపు పొద్దున్నే రాజమండ్రి ప్రయాణం. ఈ కాగితం ఇవాళే పూర్తి కావాలి. సాక్షులు ఇద్దరు. పక్కింటి జ్ఞానమ్మ గారు వచ్చి కూర్చున్నారు. రెండోవాడు మెకానిక్ తాతాజీ. వాడు వస్తాడో రాడో తెలియదు.

1. ఇల్లు నా కుమారుడు మణిశంకర్‌కు, కుమార్తె ఉమాశ్రీకి చెరిసగం. వీధి గది కోసం కొట్టుకున్నారంటే చచ్చినా ఊరుకోను.

2. నా భార్య కీ.శే. సీతారామలక్ష్మి అల్లిన లేసు దుప్పటి ఉమాశ్రీకి. ఒక మూల అల్లిక సగంలో ఆగిపోయింది. అమ్మా, దాన్ని ఎవరిచేతా పూర్తి చేయించకు.

3. మా నాన్నగారి 1954 మోరిస్ మైనర్ కారు మణిశంకర్‌కు. షరతు ఒక్కటే: ఇంజను హెడ్ ఎప్పుడు విప్పినా, గ్యాసూ నీళ్లూ కారకుండా దాని కింద బిగించే హెడ్ గాస్కెట్ కొత్తదే వేయాలి. ట్యాపెట్ కవరు కింది కార్కు గాస్కెట్ చిరగకుండా, గట్టిపడకుండా ఉంటే మళ్లీ వాడుకో, పర్వాలేదు. పాత కార్ల పోటీల్లో ఒరిజినల్ సామానుకే మార్కులెక్కువ అంటావు. నీ మార్కులు తగలెయ్య! కారణం కింద ఉంది, చదువు.

4. 1992లో వాల్వులు నూరడానికి తాతాజీ హెడ్ విప్పాడు. కొత్త గాస్కెట్ మద్రాసు నుంచి రావడానికి వారం పడుతుందన్నాడు. "పాతది వద్దండి మాస్టారూ, ఒకసారి నలిగింది మళ్లీ సరిగ్గా కూర్చోదండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. రాగిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుందని వాడికి ఎనిమిదో తరగతిలో చెప్పినవాణ్ణి నేనే. ఆ పాఠమే మళ్లీ చెప్పాను. ఉత్త రాగి రేకుకైతే అది నిజమే. ఇది రెండు రాగి రేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టిన గాస్కెట్. లోపలిది నలిగిపోయాక పై రేకు మెత్తబడి ఏం లాభం? ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు ఏనాడూ చేతకాలేదు. మాస్టారి మాట కాదనలేక వాడు నా కళ్లెదుటే కాల్చి, ముంచి, బిగించాడు.

పంతొమ్మిదో రోజున సీతారామలక్ష్మికి గుండెనొప్పి వచ్చింది. భీమవరం తీసుకెళ్తుంటే వీరవాసరం దాటాక గాస్కెట్ పోయింది. ఇంజను ఆవిర్లు కక్కి ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి గంటన్నర పట్టింది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

పన్నెండో రోజు భోజనాలకు తాతాజీ వచ్చాడు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపి, "నా ఇల్లాలిని చంపినవాడివి, నా ఇంట మెతుకు ముట్టకు" అన్నాను, ఊరంతా వింటుండగా. వాడు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడి షెడ్డుకి ఒక్క కారూ రాలేదు. గోదావరి దాటి సఖినేటిపల్లిలో పడవ ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. పదకొండేళ్లు! తప్పు నాది. నాదే.

5. పై అంశాన్ని ఉమాశ్రీ నా పన్నెండో రోజున, విస్తళ్లు వేయకముందే, అందరికీ వినబడేలా చదవాలి. బతికి తిరిగొస్తే నేనే చదువుతాను.

6. తాతాజీకి ఏమీ రాయడం లేదు. కారు ఇద్దామనుకున్నాను. లాభం పొందేవాడు సాక్షిగా ఉండకపోవడం మంచిదని ప్లీడరు గారన్నారు. నాకు వాడి సంతకమే కావాలి, అదీ మొత్తం చదివాకే పెట్టాలి. మధ్యాహ్నం కబురు పంపాను. గోదావరి దాటించే నాలుగు గంటల పంటు రేవుకి వచ్చింది, వాడు రాలేదు. ఐదు గంటల పంటులోనూ రాలేదు. "ఇంకొకర్ని పిలవనా మాస్టారూ?" అంటున్నారు జ్ఞానమ్మ గారు. వద్దన్నాను. నాకు భయంగా ఉంది, ఆపరేషన్ గురించి కాదు.

నరసాపురం, 9-7-2003
(సంతకం) సూర్యప్రకాశం

సాక్షులు:

1. జ్ఞానమ్మ, రిటైర్డ్ నర్సు, నరసాపురం.

2. తాతాజీ, మెకానిక్, సఖినేటిపల్లి. ఆరు గంటల పంటుకి వచ్చానండి. మొత్తం చదివానండి. నాలుగో దాంట్లో ఒక మాట తగ్గిందండి. వద్దని ఒక్కసారే చెప్పానండి, గట్టిగా చెప్పలేదండి. అది నా తప్పండి. అదీ కలిపి చదవమనండి.